సుందరయ్య సైకిలు

ఉద్దేశం

ఆదాయం పెరిగినకొద్దీ అవసరాలు పెరగడం లోకసహజం. చేతికందే సౌకర్యాన్ని సైతం కాదనుకొని, తన అవసరాలకు తానే హద్దు గీసుకొని, ఆ హద్దులోనే నిండు జీవితం గడిపినవారు అరుదు. అటువంటి అరుదైన వ్యక్తులలో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య జీవితాన్ని పరిచయం చేయడం, వాహనం కొనాలనుకొనే ప్రతి కుటుంబమూ వేసుకోవలసిన లెక్కను విద్యార్థులకు గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదు నగరం నుండి ఉత్తరానికి రెండు పెద్ద రహదారులు సాగుతాయి. ఒకటి మేడ్చల్ మీదుగా నిజామాబాదు వైపు పోయే జాతీయ రహదారి. రెండవది శామీర్‌పేట మీదుగా కరీంనగర్ చేరే రాజీవ్ రహదారి. ఒకప్పుడు ఈ దారులకిరువైపులా ద్రాక్షతోటలు, కూరగాయల మళ్ళు కనిపించేవి. పాలు, కూరగాయలు కట్టుకొని నగరానికి బయలుదేరిన సైకిళ్ళు తెల్లవారుజామున ఈ దారుల మీద సాగిపోయేవి. నేడు తోటల స్థానంలో ఇళ్ళ సముదాయాలు, కళాశాలలు, పరిశ్రమలు వెలశాయి. సైకిళ్ళ స్థానాన్ని మోటారు వాహనాలు ఆక్రమించాయి. ఇంటి ముందు ఏ వాహనం నిలిచి ఉందో చూసి ఆ ఇంటి గౌరవాన్ని అంచనా వేసే అలవాటు కూడా వాటితోపాటే వచ్చింది.

ఈ అంచనా ఎంత సరైనదో తెలుసుకోవడానికి డెబ్బయి ఏళ్ళు వెనుకకు వెళ్ళాలి. 1952లో స్వతంత్ర భారత పార్లమెంటు తొలిసారిగా కొలువుదీరింది. రాజధాని వీధులలో సభ్యుల కార్లు బారులు తీరేవి. ఆ కార్ల నడుమ తెలుగునాటి నుండి వచ్చిన ఒక సభ్యుడు కాగితాల కట్టతో సైకిలు తొక్కుకుంటూ సభకు వచ్చేవారు. ఆయనే పుచ్చలపల్లి సుందరయ్య. ఆయన కలిగిన కుటుంబంలో పుట్టినవారు. రాజ్యసభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకులు. సైకిలెక్కవలసిన నిర్బంధం ఆయనకు పుట్టుకవల్ల రాలేదు, పదవివల్ల రాలేదు. అది ఆయన తెలిసి ఎంచుకున్న వాహనం.

సుందరయ్య 1913 మే 1వ తేదీన నెల్లూరు జిల్లా అలగానిపాడు గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. ఆయనది భూవసతి గల రైతు కుటుంబం. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. బంధువుల ఇళ్ళలో ఉంటూ వేర్వేరు పట్టణాలలో చదువుకొని, పై చదువులకు మద్రాసు చేరారు. అక్కడ ఆయనకు గ్రంథపఠనం, దేశాభిమానం రెండూ ఒక్కసారే అలవడ్డాయి. 1930లో గాంధీజీ పిలుపునందుకొని, పదిహేడేళ్ళ ప్రాయంలో చదువు విడిచి ఉప్పు సత్యాగ్రహంలో దూకారు. ప్రభుత్వం ఆయనను నిర్బంధించి బాలనేరస్థుల కోసం ఏర్పరచిన బోర్‌స్టల్ పాఠశాలకు పంపింది.

చెరనుండి విడుదలైన ఆ యువకుడు స్వగ్రామానికి తిరిగివచ్చారు. అక్కడ ఆయన చూపు తన కుటుంబపు పొలాల మీద కాక, ఆ పొలాలలో చెమటోడ్చే కూలీల మీద నిలిచింది. వెట్టిచాకిరీని ప్రతిఘటించేందుకు వ్యవసాయ కూలీలను సంఘటితపరిచారు. అంటరానివారని ఊరు వెలివేసిన వారితో కలిసి భోజనం చేశారు. సొంత బంధువర్గం ఆగ్రహించినా వెనుకంజ వేయలేదు. తన పేరులోని కులసూచకాన్ని తొలగించుకొని సుందరయ్యగా మిగిలిపోయారు. జీవితంలో ఆయన వదులుకున్న వాటిలో మొదటిది పేరు చివరి ఆ రెండక్షరాలు. తరువాత వదులుకున్నవి ఇంకా ఎన్నో ఉన్నాయి.

అమీర్ హైదర్ ఖాన్ ప్రభావంతో సుందరయ్య కమ్యూనిస్టు ఉద్యమంలో ప్రవేశించారు. దక్షిణ భారతంలో ఆ పార్టీ నిర్మాణానికి పునాదులు వేసినవారిలో ఒకరయ్యారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దాని సంయుక్త కార్యదర్శులలో ఒకరిగా ఎన్నికయ్యారు. 1943లో తనవలెనే ఉద్యమంలో పనిచేస్తున్న లీలను వివాహమాడారు. సంతానం కలిగితే ప్రజాసేవకు కేటాయించవలసిన కాలం, ధనం కుటుంబానికి మళ్ళుతాయని భావించి, ఆ దంపతులు బిడ్డలు వద్దనుకున్నారు. తనకు సంక్రమించిన పిత్రార్జితపు వాటాను సుందరయ్య ఉద్యమానికి సమర్పించారు. ఈ రెండు నిర్ణయాలతో ఆయన జీవితానికి హద్దులు ఏర్పడ్డాయి. కూడబెట్టవలసిన వారసులు లేరు. కూడబెట్టిన ఆస్తీ లేదు. ఇక మిగిలినవి ఉద్యమం ఇచ్చే భత్యం, దానితో సాగవలసిన బతుకు.

తెలంగాణలో 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించినవారిలో సుందరయ్య ముఖ్యులు. పార్టీపై నిషేధం అమలులో ఉన్న ఆ కాలంలో ఆయన ఎక్కువ భాగం అజ్ఞాతంలో గడిపారు. ఊళ్ళు, అడవులు దాటుతూ దీర్ఘ దూరాలు కాలినడకన తిరగడం అజ్ఞాతవాసంలో నిత్యకృత్యం. ఆ పోరాట చరిత్రను ఆయన తరువాతి కాలంలో ఆంగ్లంలో విపులమైన గ్రంథంగా రచించారు. అది 1972లో వెలువడింది. ఆ పోరాట మార్గాన్ని గురించి చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆయన రాజకీయాలను అంగీకరించనివారు ఆనాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. అయినా ఆయన వ్యక్తిగత జీవితంలోని నిష్కల్మషతను ప్రత్యర్థులు సైతం గౌరవించారు. అందుకే ఆయనకు కమ్యూనిస్టు గాంధీ అనే పేరు వచ్చింది.

అజ్ఞాతం నుండి వెలుపలికి వచ్చిన సుందరయ్య 1952లో మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యసభకు ఎన్నికయ్యారు. అడవి దారులలో నడిచిన మనిషి ఒక్కసారిగా రాజధాని రాజమార్గాలలో అడుగుపెట్టారు. పార్లమెంటు సభ్యుల జీతభత్యాలను నిర్ణయిస్తూ 1954లో చట్టం వచ్చింది. దాని ప్రకారం సభ్యునికి నెలకు 400 రూపాయల జీతం, సభ జరిగే కాలంలో రోజుకు 21 రూపాయల భత్యం లభించేవి. ఆ రోజులలో అది చిన్న మొత్తం కాదు. కాని ఆయన పార్టీలో ఒక కట్టుబాటు ఉండేది. ప్రజాప్రతినిధులు తమ జీతాన్ని పార్టీకి అప్పగించి, పూర్తికాలపు కార్యకర్తకు పార్టీ ఇచ్చే పరిమితమైన భత్యంతో జీవించాలి. అందువల్ల చట్టం చూపిన ఆదాయం ఒకటి, సుందరయ్య చేతిలో ఉన్న ఆదాయం మరొకటి. ఆయన రెండవ దానినే తన స్తోమతగా లెక్కించారు.

ఆ స్తోమతకు కారు అందదు. సైకిలు అందుతుంది. ఆనాటి మన దేశంలో మోటారు కారు కొనడమే గగనం. తయారయ్యే కార్ల సంఖ్య స్వల్పం. ధర చెల్లించగలవారు కూడా కారు చేతికందేవరకు చాలాకాలం వేచి ఉండవలసి వచ్చేది. కొన్న తరువాత పెట్రోలు, మరమ్మతులు, డ్రైవరు జీతం ఒకదాని వెంట ఒకటి వచ్చిపడేవి. సైకిలుకు కావలసింది గాలి, గొలుసుకు కాస్త నూనె, అప్పుడప్పుడు ఒక పంక్చరు అతుకు. నివాసం నుండి పార్లమెంటుకు పోవలసిన దూరానికి అది చాలు. సుందరయ్య చేసిన ఆలోచన ఇంతే. ఇందులో ఇతరులను తక్కువ చేసే ఉద్దేశం లేదు, తన్ను తాను ఎక్కువ చేసుకొనే ప్రదర్శన లేదు. చేయవలసిన పనికి ఎంత వాహనం అవసరమో అంత వాహనం ఆయన దగ్గర ఉండేది.

1955 ఎన్నికలలో కృష్ణా జిల్లా గన్నవరం నుండి సుందరయ్య ఆంధ్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ ఎన్నికలలో అధికారంలోకి రాగలమని ఆశించిన కమ్యూనిస్టు పార్టీకి 15 స్థానాలు మాత్రమే దక్కాయి. అయినా ఆయన కుంగిపోలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి శాసనసభ హైదరాబాదుకు తరలిన తరువాత, ఆయన సైకిలు కూడా హైదరాబాదు వీధులకు మారింది. 1967 వరకు ఆయన శాసనసభ్యులుగా కొనసాగారు. సాగునీటి పథకాలు, భూసంస్కరణలు, వ్యవసాయ కూలీల వేతనాలు మొదలైన విషయాలపై లెక్కలతో, ఆధారాలతో ప్రసంగించడం ఆయన పద్ధతి. సభకు సైకిలు మీద వచ్చిన సభ్యుడు ప్రభుత్వపు ఆదాయవ్యయాలను ప్రశ్నించినప్పుడు, ముందు నీ ఖర్చు సంగతి చెప్పుమని ఎదురడిగే అవకాశం ఎవరికీ ఉండేది కాదు. నిరాడంబరత ఆయన మాటకు ఇచ్చిన బలం అది.

ఆ హైదరాబాదులోనే వాహనాలకు సంబంధించిన మరొక కథ నడుస్తుండేది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఒకప్పుడు పేరుపొందారు. 1937లో అమెరికాకు చెందిన టైమ్ పత్రిక ఆయన చిత్రాన్ని ముఖపత్రంపై ముద్రించింది. దుస్తుల విషయంలో ఆయన ఎంతో పొదుపరి అని ప్రతీతి. అయినా 1967 ఫిబ్రవరిలో ఆయన మరణించాక వారసునికి దక్కిన గ్యారేజీలో 60 కార్లు ఉండగా, నడిచే స్థితిలో ఉన్నవి నాలుగేనని చరిత్ర రచయితలు నమోదు చేశారు. పెట్రోలు, విడిభాగాల పేరిట మాత్రం ఏటా పెద్ద మొత్తం ఖర్చవుతూనే ఉండేది. కొత్త నిజామును పట్టాభిషేకం నుండి తీసుకురావలసిన కారు సైతం మొరాయించిందని వారు రాశారు. కొనడం ఒక్కనాటి పని, పోషించడం అనుదినపు పని అన్న సత్యాన్ని ఆ గ్యారేజీ చాటుతుంది. నడవని 60 కార్ల కంటే నడిచే ఒక సైకిలు మనిషిని త్వరగా గమ్యం చేరుస్తుంది.

కారు కొనడమే తప్పని సుందరయ్య జీవితం బోధించదు. ఆయన సమకాలికులైన లాల్ బహదూర్ శాస్త్రి ఉదంతం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. శాస్త్రి 1964 జూన్‌లో ప్రధానమంత్రి అయ్యేనాటికి ఆయన కుటుంబానికి సొంత కారు లేదు. కుటుంబసభ్యుల కోరికపై ఒక ఫియట్ కారు కొనదలచారు. దాని ధర 12,000 రూపాయలు. చేతిలో ఉన్న సొమ్ము చాలకపోవడంతో పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 రూపాయల అప్పు తీసుకున్నారు. 1966 జనవరి 11న తాష్కెంటులో ఆయన ఆకస్మికంగా మరణించేనాటికి ఆ అప్పు తీరలేదు. తనకు లభించే పింఛను నుండి ఆయన భార్య లలితాశాస్త్రి దానిని తీర్చివేశారు. దేశాధినేత అయినా ధరలో సగానికి పైగా సొంత సొమ్ము పెట్టి, మిగిలినదే అప్పు చేశారు. అయినప్పటికీ ఆ అప్పు ఆయన తరువాత ఇంటివారి మీద పడింది. జాగ్రత్తగా చేసిన అప్పు సైతం చేసినవాని ఆయుష్షు కోసం ఆగదు. సుందరయ్య సైకిలు ఎవరికీ బాకీ మిగల్చలేదు.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు సుందరయ్య మార్క్సిస్టు పార్టీకి తొలి ప్రధాన కార్యదర్శిగా ఎన్నికయ్యారు. ఆ వెంటనే నిర్బంధానికి గురై 1966 మే వరకు చెరలో ఉన్నారు. పన్నెండేళ్ళ పాటు ఆ బాధ్యత నిర్వహించారు. పార్టీ అనుసరిస్తున్న విధానంతో అభిప్రాయభేదం ఏర్పడడంతో 1976లో ఆ పదవిని తానుగా విడిచిపెట్టారు. పదవితోపాటు వచ్చే వాహనాలకు, సౌకర్యాలకు అలవాటుపడినవారికి పదవిని వదలడం ప్రాణసంకటం. అవి లేకుండా బతకడం ముందే నేర్చుకున్నవారికి అది ఒక నిర్ణయం మాత్రమే. పొదుపు మనిషికి ధనాన్ని మిగుల్చుతుందని అందరికీ తెలుసు. అది మనిషికి స్వాతంత్ర్యాన్ని కూడా మిగుల్చుతుందని సుందరయ్య జీవితం నిరూపిస్తుంది.

తరువాత ఆయన రాష్ట్ర రాజకీయాలకు మరలివచ్చారు. 1978లో మళ్ళీ గన్నవరం నుండి గెలిచి 1983 వరకు శాసనసభలో కొనసాగారు. తన జీవితానుభవాలను విప్లవపథంలో నా పయనం అనే ఆత్మకథగా అందించారు. 1985 మే 19న కన్నుమూశారు. ఆయన తన కోసం సమకూర్చుకున్నదేదైనా ఉందంటే అవి పుస్తకాలు, పత్రికలు, కాగితాలు. ఆయన గ్రంథసేకరణ హైదరాబాదులోని బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరిట వెలసిన విజ్ఞానకేంద్రానికి మూలధనమైంది. వాహనం మీద పెట్టని ఖర్చు, ఆడంబరానికి వెచ్చించని కాలం చివరకు తరువాతి తరాల చదువుకు ఉపకరించాయి.

ఇప్పుడు మళ్ళీ మేడ్చల్, శామీర్‌పేట దారులకు వద్దాం. సుందరయ్య కాలం వేరు, నేటి కాలం వేరు. ఈ ప్రాంతాల నుండి నగరంలోని కార్యాలయానికి నిత్యం ముప్పయి, నలభై కిలోమీటర్లు ప్రయాణించే ఉద్యోగి సైకిలు మీద పోలేడు. వాహనం నేడు అనేక కుటుంబాలకు అవసరం. మారనిది ఆయన వేసిన లెక్క. చేయవలసిన పని ఏమిటి, దానికి ఎంత వాహనం కావాలి, నిజంగా చేతిలో మిగిలే ఆదాయం ఎంత అన్నవే ఆ లెక్కలోని మూడు ప్రశ్నలు.

ఉదాహరణకు ఒక కుటుంబం కారు కోసం 5 లక్షల రూపాయలు నూటికి 9 రూపాయల వార్షిక వడ్డీపై అప్పు తీసుకొని, ఐదేళ్ళలో తీర్చదలచిందనుకుందాం. నెలకు సుమారు 10,380 రూపాయల చొప్పున కిస్తీ కట్టవలసి వస్తుంది. ఐదేళ్ళకు చెల్లించే మొత్తం 6 లక్షల 23 వేల రూపాయలకు చేరువవుతుంది. అంటే వడ్డీయే లక్షా 23 వేలు. ఆ ఐదేళ్ళూ పెట్రోలు, బీమా, సర్వీసింగు ఖర్చులు దీనికి అదనం. టైర్లు, బ్యాటరీ అరిగిపోయి మార్చవలసిన రోజు కూడా వస్తుంది. మరొకవైపు బీమా సంస్థలు వాహనం విలువ కట్టేటప్పుడు ఏటేటా తరుగుదల తీసివేస్తాయి. ఐదేళ్ళు నిండేనాటికి కారు విలువను సగంగా లెక్కిస్తాయి. అప్పు తీరి కారు పూర్తిగా మనదయ్యేనాటికి అది సగమే మిగులుతుంది. కిస్తీ కట్టగలమా అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోయినవారు ఈ మిగిలిన ఖర్చుల దగ్గర తడబడతారు. పిల్లల చదువుకో వైద్యానికో దాచిన సొమ్ము కారు చక్రాల కింద నలిగిపోతుంది.

కొత్త కారు భారమైతే, చక్కగా పరీక్షింపజేసిన పాత కారు ఒక మార్గం. నిత్యప్రయాణానికి బస్సును, రైలును ఆశ్రయించి అవసరమైన నాడు మాత్రమే కారు అద్దెకు తీసుకోవడం మరొక మార్గం. 2023లో ఎం.ఎం.టి.ఎస్. రైలు సేవలు మేడ్చల్ వరకు విస్తరించాయి. ఉన్న వాహనాన్ని వేళకు సర్వీసింగు చేయించడం, టైర్లలో గాలి సరిచూడడం, బీమా గడువు తీరకుండా జాగ్రత్తపడడం కూడా పొదుపే. నిర్లక్ష్యం చేసిన చిన్న మరమ్మతు పెద్ద ఖర్చుకు దారితీస్తుంది.

ఈ లెక్క విద్యార్థి దశ నుండే అలవడాలి. గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి పద్దెనిమిదేళ్ళు నిండాలని చట్టం చెబుతుంది. తోటివాడు బండి మీద కళాశాలకు వచ్చాడని తనకూ బండి కావాలని పట్టుబట్టే విద్యార్థి, ఆ కిస్తీని కట్టడానికి తండ్రి నెలకెన్ని గంటలు అదనంగా పనిచేయవలసి ఉంటుందో ఒక్కసారి ఆలోచించాలి. సైకిలు మీదనో బస్సులోనో కళాశాలకు వచ్చేవాడు ఎవరికంటే తక్కువవాడు కాడు. ఒకనాడు దేశపు అత్యున్నత చట్టసభకు ఒక తెలుగువాడు సైకిలు మీదనే వెళ్ళాడు. ఆ సభలో ఆయన మాటను అందరూ ఆలకించారు. బయట ఆయన వాహనం ఏదో ఎవరూ లెక్కించలేదు.

అర్థాలు

నిర్బంధం = బలవంతం, చెర
వెట్టిచాకిరీ = కూలి ఇవ్వకుండా చేయించుకొనే పని
సంఘటితపరచు = ఒక్కటిగా కూర్చు
పిత్రార్జితం = తండ్రి తాతల నుండి సంక్రమించిన ఆస్తి
అజ్ఞాతం = ఎవరికీ తెలియకుండా ఉండడం
స్తోమత = ఆర్థికశక్తి
నిష్కల్మషత = కళంకం లేకపోవడం
మొరాయించు = కదలక నిలిచిపోవు
తరుగుదల = వాడకంవల్ల, కాలంవల్ల విలువ తగ్గడం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సుందరయ్య తన జీవితానికి తానే హద్దులు ఎట్లా ఏర్పరచుకున్నారో వివరించండి.
2. కొనడం ఒక్కనాటి పని, పోషించడం అనుదినపు పని అన్న అంశాన్ని పాఠంలోని ఉదాహరణలతో నిరూపించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. చట్టం చూపిన ఆదాయానికి, సుందరయ్య స్తోమతకు గల భేదం ఏమిటి?
2. లాల్ బహదూర్ శాస్త్రి కారు ఉదంతం నుండి మనం గ్రహించవలసినది ఏమిటి?
3. పొదుపు స్వాతంత్ర్యాన్ని మిగుల్చుతుందని ఎట్లా చెప్పగలరు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సుందరయ్య ఏ గ్రామంలో జన్మించారు?
2. సుందరయ్య ఏ నియోజకవర్గం నుండి శాసనసభకు ఎన్నికయ్యారు?
3. సుందరయ్య ఆత్మకథ పేరేమిటి?

ఈ) అభ్యాసం
మీ ఇంట్లో ఉన్న వాహనానికి ఒక నెలలో అయ్యే మొత్తం ఖర్చును పెద్దలనడిగి తెలుసుకొని పట్టికగా రాయండి. అందులో తగ్గించుకోదగినవి ఏవో గుర్తించండి. వాహనం లేనివారు తమ నెలవారీ ప్రయాణపు ఖర్చును రాయండి.